భయం మాటున దిగులు

ఫైనల్ పరీక్షల ముందు గంటసేపు ఒకే పేజీ చూస్తూ కూర్చున్న పిల్లాణ్ణి చూడగానే పెద్దల నోట వచ్చే మాట "భయపడకు". అతనికి ఉన్నది భయం కాకపోవచ్చు, డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. డిప్రెషన్‌కు కూడా ధైర్యం చెబితే చాలన్న అలవాటు మనకు ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పరీక్ష మనిషిని కుంగదీస్తుందన్న సంగతి పాతదే. చైనాలో రాజోద్యోగాల పరీక్షలు పదమూడు శతాబ్దాలు సాగి 1905లో రద్దయ్యాయి. 1837లో హాంగ్ షియుచువాన్ అనే యువకుడు ఆ పరీక్షలో మళ్లీ తప్పి, రోజుల తరబడి మంచం పట్టాడు, ఏవేవో భ్రమల్లో పడ్డాడు. తర్వాత చైనా చక్రవర్తుల పాలనపై తైపింగ్ తిరుగుబాటు నడిపింది అతనే. బడి చదువు చివర పెద్ద పరీక్ష పెట్టడం నాటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో 1788లో, ఫ్రాన్స్‌లో 1808లో మొదలైంది. 1884లో లండన్ బడులు చూసిన వైద్యుడు జేమ్స్ క్రిక్టన్ బ్రౌన్, చదువుల ఒత్తిడితో పిల్లలు తలనొప్పి, నిద్రలేమి పాలవుతున్నారని నివేదిక ఇచ్చాడు. బడుల తనిఖీ అధికారి ఒకరు దాన్ని ఖండిస్తూ రాశారు.

1952లో మాండ్లర్, సారసన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు పరీక్షల ఆందోళనను కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ఆ తర్వాత పరిశోధన అంతా ఆందోళన చుట్టూ పెరిగింది. అదే కాలంలో, మనసు ఇంకా పక్వం కాని పిల్లలకు అసలు డిప్రెషన్ రాదని చాలామంది మానసిక వైద్యులు నమ్మేవారు. పెద్దలకు వాడే కొలతలతోనే పిల్లల్లోనూ దాన్ని గుర్తించవచ్చని అమెరికా మానసిక వైద్యులు జబ్బులను గుర్తించడానికి వాడే గ్రంథం 1980లో ఒప్పుకుంది. దిగులుకు బదులు చిరాకు కనిపించవచ్చన్న మాట ఆ తర్వాత చేరింది. ఎంత ఆలస్యం! ఈలోగా చదవలేని పిల్లలెందరికి బద్ధకస్తులన్న పేరు పడిందో.

పరీక్ష భయం సాధారణంగా పరీక్షతోనే పోతుంది. డిప్రెషన్ పోదు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులో చిరాకో వదలదు, ఇష్టమైనవీ రుచించవు, నిద్ర చెదురుతుంది. చదివింది తలకెక్కకపోవడం ఆ జబ్బు లక్షణమే, తెలివితక్కువతనం కాదు. అందుకే "పరీక్షలయ్యాక చూద్దాం" అనే వాయిదా నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోస్తుంది. మందులైనా, మాటలతో చేసే చికిత్సయినా పనిచేయడానికి వారాలు పడుతుంది. ఆగితే ఆ వారాలే పోతాయి.

1970ల్లో అమెరికన్ మనస్తత్వవేత్త పీటర్ లెవిన్‌సన్ డిప్రెషన్‌కు అభివృద్ధి చేసిన చికిత్సలో ఒక మెళకువ ఉంది: మనసు కుదిరాక పని మొదలుపెడదామని ఆగకుండా, చిన్న పనితో మనసును కదిలించడం. చదువుకు అన్వయిస్తే, పదిహేను నిమిషాలు, ఒకే లెక్క, తర్వాత లేచి కాసేపు నడక. అంతకు మించి ఆ రోజు జరగకపోయినా నింద వద్దు. రాత్రి నిద్రను కోసి సిలబస్‌కు కలపొద్దు. టీచరుకు ముందే చెబితే అదనపు సమయం, వాయిదా వంటి వెసులుబాట్లు దొరికే చోట్లున్నాయి. వాటికి డాక్టరు పత్రం కావాల్సి రావచ్చు.

చచ్చిపోవాలనిపిస్తోందని పిల్లలు చెబితే మాత్రం ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తెల్లవారితే పరీక్ష ఉన్నా సరే.