గ్రాఫు లేబుళ్లలో తెలుగు చెడిపోతే: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో యూనివర్సిటీలూ పరిశోధన కేంద్రాలూ ఎక్కువ. వర్షపాతం, మామిడి దిగుబడి, భూగర్భ జలాలు అంటూ మండలాలవారీగా గ్రాఫులు గీసేవాళ్లూ ఎక్కువే. వాళ్ల గ్రాఫుల్లో అక్షరాలు చెడిపోతే సరిచేసి ఇవ్వడం నా పనిలో భాగం. రైతుకు చూపించే గ్రాఫు మీద ఊరి పేరు తెలుగులోనే ఉండాలని గట్టిగా నమ్ముతాను. థీసిస్ గడువు దగ్గరపడ్డాక లేబుళ్లు చెడిపోయేసరికి టెన్షన్‌తో పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చేస్తుంటారు. అంత అవసరం లేదు. రోజూ వినే అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: తెలుగు సరిగ్గా రాకపోతే ఫాంటు మారిస్తే చాలు.

వాస్తవం: ముందు లేబుల్‌లో ఏం కనిపిస్తోందో చూడండి. ఖాళీ డబ్బాలు, ప్రశ్నార్థకాలు, తల మీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఎ'లు (à) – ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు.

ఫాంటు మారిస్తే నయమయ్యేది డబ్బాల జబ్బు ఒక్కటే. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావు శాన్స్ ఫాంటులో తెలుగు లేదు. అందుకే '3108వ గ్లిఫ్ (అక్షరం ఆకారం) ఈ ఫాంటులో లేదు' లాంటి హెచ్చరిక వస్తుంది. 3108 అంటే యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే ప్రమాణంలో) 'త' నంబరు. అంటే సాఫ్ట్‌వేర్ 'త'ను సరిగ్గానే గుర్తుపట్టింది, గీయడానికి దాని దగ్గర ఆకారం లేదంతే. డేటా క్షేమం.

ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం డేటాయే పోయి ఉండొచ్చు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే, అక్షరాలకు నంబర్లిచ్చే పాత విండోస్ పట్టికలో లేని ప్రతి తెలుగు గుర్తు (అక్షరం, గుణింతం, పొల్లు దేనికదే) స్థానంలో నిజంగానే ఒక ప్రశ్నార్థకం రాసేస్తుంది. దాన్ని ఏ ఫాంటూ వెనక్కి తేలేదు. అసలు ఎక్సెల్ ఫైల్ తెరిచి 'సీఎస్‌వీ యూటీఎఫ్-8'గా మళ్లీ సేవ్ చేసుకోవాలి.

మూడోది చూడ్డానికి భయంగా ఉన్నా నయమయ్యే జబ్బే. యూటీఎఫ్-8 అంటే యూనికోడ్ గుర్తులను ఫైల్‌లో బైట్లుగా (0 నుంచి 255 దాకా ఉండే నంబర్లుగా) రాసే పద్ధతి. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. పాత విండోస్ పట్టిక పేరు 1252. అందులో 224 అంటే వాలుగీత 'ఎ', 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే ప్లస్-మైనస్ గుర్తు. ఇవే పదేపదే కనిపిస్తుంటే అది తెలుగే, చదివిన పట్టిక తప్పు. ఈ స్థితిలో ఫైల్‌ను దయచేసి మళ్లీ సేవ్ చేయకండి. చేస్తే ఆ చెత్తే యూటీఎఫ్-8గా మారి, 224 ఉన్నచోట 195, 160 అని రెండు బైట్లు కూర్చుంటాయి. విప్పడం రెట్టింపు పని.

డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే పాత అను ఫాంట్ల ఫైళ్లు వీటిలో ఏ కోవకూ రావు. అవి యూనికోడ్ కావు, ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాల్సిందే.

అపోహ: లైనక్స్‌లో నడిచిన కోడు విండోస్‌లోనూ అలాగే నడుస్తుంది.

వాస్తవం: పైథాన్ 3.14 దాకా, ఫైల్ తెరిచే 'ఓపెన్' ఆదేశంలో ఎన్‌కోడింగ్ (ఏ పట్టికతో చదవాలో) చెప్పకపోతే విండోస్‌లో ఆ సిస్టమ్ పట్టికనే వాడుతుంది. మన దగ్గర అది సాధారణంగా 1252. ఇందులో ఒక చిక్కుంది. ఫైల్‌లో 'కలకడ' ఒక్కటే ఉంటే ఎర్రర్ ఏమీ రాదు, నిశ్శబ్దంగా చెత్త వస్తుంది. 'కుప్పం' ఉంటే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. కొమ్ముకు మూడో బైటు 129, పొల్లుకు 141. ఆ రెండు నంబర్లూ 1252 పట్టికలో ఖాళీ. అందుకే ఒక మండలం ఫైల్‌తో టెస్ట్ చేసి 'బాగానే ఉంది' అనుకోకండి. ప్రతి ఓపెన్‌లోనూ యూటీఎఫ్-8 అని రాయండి. ఎక్సెల్ నుంచి వచ్చిన ఫైల్‌కైతే యూటీఎఫ్-8-సిగ్ రాయండి. లేకపోతే మొదటి కాలమ్ పేరుకు ముందు కనిపించని గుర్తు ఒకటి అతుక్కుని, 'ఆ కాలమే లేదు' అంటుంది. గణాంకాల భాష 'ఆర్' వాడేవాళ్లకు 2022లో వచ్చిన 4.2 వెర్షన్ పెద్ద ఊరట. అప్పటి నుంచి కొత్త విండోస్‌లలో అది యూటీఎఫ్-8తోనే నడుస్తోంది.

ఫాంట్ల పేర్లూ అంతే. గౌతమి, నిర్మల విండోస్‌వి, కోహినూర్ తెలుగు మ్యాక్‌ది. నోటో శాన్స్ తెలుగు ఫైల్‌ను ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే పెట్టుకుని, దాని దారి ఇచ్చి లోడ్ చేయడం మేలు.

అపోహ: తెలుగు అక్షరాలు కనిపించాయంటే సమస్య తీరినట్టే.

వాస్తవం: 'చిత్తూరు' మన కంటికి మూడు అక్షరాలు. ఫైల్‌లో ఎనిమిది గుర్తులు. వాటిని కలిపి ఒత్తులు, గుణింతాలు కుదిర్చే పని హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.10 దాకా ఆ పని జరగదు. 'త'కు పొల్లు, పక్కనే ఇంకో 'తూ' వచ్చి పడతాయి, ఒత్తు కిందికి దిగదు. అలాంటి గ్రాఫును జర్నల్‌కు పంపడం మన లిపికి అన్యాయం. ఎస్‌వీజీగా (బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మ ఫైల్‌గా), అక్షరాలను గీతలుగా మార్చకుండా సేవ్ చేస్తే ఒత్తులు బ్రౌజర్ కుదురుస్తుంది. గ్రాఫులు గీసే మరో ప్రోగ్రామ్ జీఎన్‌యూప్లాట్‌లో పీఎన్‌జీకైరో, పీడీఎఫ్‌కైరో టెర్మినళ్లు (బొమ్మను ఫైల్‌గా ఇచ్చే పద్ధతులు) ఒత్తులు కుదిర్చే పాంగో లైబ్రరీ ద్వారా రాస్తాయి కాబట్టి తెలుగు సరిగ్గా వస్తుంది. ఆర్‌లో మామూలు పీడీఎఫ్ బదులు కైరో పీడీఎఫ్ వాడాలి. మామూలుదైతే అక్షరాల స్థానంలో చుక్కలు పెడుతుంది.

అపోహ: ఇంగ్లీషు లేబుళ్లకు ఈ బాధ ఉండదు.

వాస్తవం: ఉష్ణోగ్రత గ్రాఫులో డిగ్రీ గుర్తు చాలు. పాత పట్టికలో అది 176 అనే ఒకే బైటు, యూటీఎఫ్-8లో 194, 176. ఒకటి రాసి ఇంకొకటి చదివితే డిగ్రీ ముందు టోపీ పెట్టుకున్న 'ఎ' (Â) వచ్చి కూర్చుంటుంది, లేదా ఫైలే తెరుచుకోదు.

అపోహ: చూడ్డానికి ఒకేలా ఉన్న పేర్లు కంప్యూటర్‌కూ ఒకటే.

వాస్తవం: 'నైరుతి'లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా ఉండదు. బార్ చార్టులో మాత్రం నైరుతి రెండుసార్లు వస్తుంది, వర్షపాతం రెండు ముక్కలవుతుంది. పాత మ్యాక్‌లు ఫైల్ పేర్లను రెండో పద్ధతిలోనే దాస్తాయి. చదవగానే అన్ని పేర్లనూ ఎన్ఎఫ్‌సీ (ఇలాంటి ముక్కలను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి మార్చుకుంటే ఈ తేడా పోతుంది.

'జంక్షన్' లాంటి మాటల చివర కొన్ని కీబోర్డులు చేర్చే కనిపించని గుర్తు మాత్రం ఎన్ఎఫ్‌సీతో పోదు. పేరు చివర ఉన్నదాన్ని విడిగా తీసేయండి. మధ్యలో ఉన్నదాని జోలికి పోకండి. అది తీస్తే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయిపోతుంది.