మొలక శాతం చెప్పని నష్టం: నిల్వ విత్తనాల్లో క్రోమోజోముల చరిత్ర

నిల్వలో వంద గింజలకు నలభై చచ్చిపోతే, మొలిచిన అరవై బాగున్నట్టేనా? కావని తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. పంట రకాల విత్తనాలను ఏళ్ల తరబడి భద్రపరిచే జీన్ బ్యాంకులు మొలక బాగా పడిపోయేదాకా ఆగకుండా ముందే కొత్త విత్తనం తీయడానికి కారణం ఆ పరిశోధనల్లోనే ఉంది.

పాత గింజల నుంచి వింత మొక్కలు ఎక్కువగా వస్తాయని 1901లో డచ్ వృక్షశాస్త్రవేత్త హ్యూగో డి వ్రీస్ ఈనోథెరా అనే పూల మొక్కల్లో గమనించాడు. 1933లో సోవియట్ శాస్త్రవేత్త నవాషిన్ క్రెపిస్ అనే మొక్క పాత విత్తనాల్లో క్రోమోజోములు (కణంలో జన్యువులను మోసే పోగులు) విరిగి, తప్పుచోట అతుక్కుని ఉండటం చూపించాడు. క్రోమోజోములను విరిచే ఎక్స్-రేలు తగలకుండానే, ఊరికే నిల్వ ఉన్నందుకే ఆ మార్పులు వచ్చాయి. మరుసటి ఏడాది అమెరికాలో కార్ట్‌లెడ్జ్, బ్లేక్స్‌లీ ఉమ్మెత్త మీద అదే తేల్చారు. పాత గింజల నుంచి పెరిగిన మొక్కల్లో తాలు పుప్పొడి ఎంతుందో చూసి వాళ్లు మార్పులను లెక్కగట్టారు.

అసలు చిక్కుముడి ఆ తర్వాత వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా మట్టిలో పాతిపెట్టి ఉన్న ఉమ్మెత్త గింజల్లో ఈ మార్పులు చాలా తక్కువ. అంటే గింజ వయసు ఒక్కటే కారణం కాదు. 1974లో విలియర్స్ అనే శాస్త్రవేత్త లెట్యూస్ అనే ఆకుకూర గింజలతో దీన్ని విడదీశాడు. పూర్తిగా నీరు తాగి, మొలకెత్తకుండా నిద్రలో ఉన్న గింజలో మరమ్మతు యంత్రాంగం పనిచేస్తూనే ఉంటుంది. తడి మట్టిలోని ఉమ్మెత్త గింజలను కాపాడిందీ ఇదే అనుకోవచ్చు. బాగా ఎండిన గింజలో మరమ్మతు లేదు గానీ నష్టమూ మెల్లగానే జరుగుతుంది. ప్రమాదమంతా ఈ రెంటికీ నడుమ: 12–15 శాతం తేమతో గోనె సంచిలో వేసవిని గడిపే గింజలో నష్టం వేగంగా జరుగుతుంది, దాన్ని సరిదిద్దుకునేంత నీరు మాత్రం దానికి ఉండదు.

లోపల జరిగేది ఇదీ. చురుకైన ఆక్సిజన్ అణువులు కణపొరల్లోని కొవ్వులను, డీఎన్ఏను దెబ్బతీస్తాయి. పాడవుతున్న రై అనే ధాన్యపు విత్తనాల పిండాల్లో డీఎన్ఏ తెగిపోతోందని 1978లో చియా, ఆస్బోర్న్ చూపారు. నీరు తగిలాక గింజ మొదట ఆ తెగిన చోట్లను అతికించుకుంటుంది. పాత విత్తనం ఆలస్యంగా మొలవడానికి ఇదొక కారణం. అతుకు పూర్తికాకుండానో తప్పుగా పడో కణం చీలితే, తెగిన ముక్కలు ఇటూ అటూ చేరక మధ్యలో మిగులుతాయి, తప్పుగా అతుక్కున్న క్రోమోజోములు వంతెనలా సాగి నిలుస్తాయి.

దీన్ని చూడాలంటే వేరు సెంటీమీటరు దాటకముందే కొన కోయాలి. మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచి, 60 డిగ్రీల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని నిమిషాలు మెత్తబరచి, రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి సూక్ష్మదర్శినిలో వంతెనలు, ముక్కలు ఉన్న కణాలను లెక్కిస్తారు. ఆలస్యమైతే చెడ్డ కణాలు చచ్చి మంచివి వాటి చోటును నింపేస్తాయి. లెక్క తక్కువ వస్తుంది.

1968లో అబ్దల్లా, రాబర్ట్స్ బార్లీ, బఠాణీ, బ్రాడ్‌బీన్ గింజలను రకరకాల వేడి, తేమ, ఆక్సిజన్‌లో ఉంచి కీలకమైన లంకె పట్టుకున్నారు. అతి తీవ్ర పరిస్థితుల్లో తప్ప, గింజలు ఏ కారణంతో చచ్చినా, బతికిన గింజల్లోని నష్టం మొలక తగ్గుదలను అనుసరించే ఉంది. అందుకే మొలక శాతం నష్టానికి కొలబద్ద అయింది. అంతర్జాతీయ జీన్ బ్యాంకు ప్రమాణాల్లోని 85 శాతం గీత వెనుక ఈ భయం ఉంది.

రైతు పొలంలో పాత విత్తనం వల్ల దిగుబడి పడిపోయేది ఎక్కువగా మొక్కలు పలచబడి, మొలకలు బలహీనపడటం వల్లే. చెదిరిన కణాలు చాలావరకు పెరుగుదలలోనే రాలిపోతాయి. కానీ జన్యువుల్లోని చిన్న మార్పులు దాగి ఉండి తర్వాతి తరంలో ఆకుపచ్చ లేని పాలిపోయిన మొలకలుగా బయటపడతాయి. కాబట్టి ఆందోళన పడాల్సింది ముఖ్యంగా మూల విత్తనం పెంచేవాళ్లు. మన దేశంలో విత్తన ధ్రువీకరణ గడువు 9 నెలలు. తర్వాత మళ్లీ పరీక్షించి 6 నెలలు పొడిగిస్తారు. ఆ పరీక్షలో మొలకను చూస్తారు గానీ క్రోమోజోములను కాదు.

నివారణ మొదలయ్యేది తేమ దగ్గరే. 5–14 శాతం మధ్య తేమ ఒక శాతం తగ్గినా, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా నిల్వ కాలం సుమారు రెట్టింపవుతుందన్నది విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ సూత్రం. ధ్రువీకరణకు వరి విత్తనంలో తేమ 13 శాతం మించకూడదు. గాలి చొరని సంచిలో అయితే 8 శాతం. ఈ తేడాను మరిచి, సరిగా ఎండని విత్తనాన్ని ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే లోపలి తేమ బయటికి పోలేక గోనె సంచిలో కన్నా త్వరగా పాడవుతుంది.