గుడ్డులాంటి బండిలో ఎలా పడుకుంటామంటే

చిన్నా, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో మామయ్య కారు వెనకున్న ఆ బుల్లి బండిని చూసి "తాతయ్యా, అది కుక్కకా?" అని మీరిద్దరూ పడీపడీ నవ్వారు. అమ్మమ్మ ఇంకా ఉడుక్కుంటూనే ఉంది, ఎందుకంటే అందులో పడుకున్నది మేమిద్దరమే. మామయ్యా అత్తయ్యా పక్కన టెంటు వేసుకున్నారు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నా.

దాన్ని ఇక్కడ అమెరికాలో టియర్‌డ్రాప్ ట్రైలర్ అంటారు. ముందు గుండ్రంగా ఉండి వెనక్కి పోనుపోను సన్నబడుతుంది, కన్నీటి చుక్కలా అని ఆ పేరు. (నిజంగా రాలే పెద్ద వాన చినుకు అలా ఉండదులే, అడుగున చదునుగా, తిరగేసిన ఇడ్లీలా ఉంటుంది. చిన్నా, నీ సైన్స్ టీచర్ని అడుగు.) 1930లలో అమెరికాలో డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో జనం వీటిని ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టారు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన అల్యూమినియం రేకులు పైన తొడిగినవాళ్లూ ఉన్నారు. ప్లైవుడ్ షీటు వచ్చేది 4 అడుగులు, 8 అడుగులు కదా, చాలా బళ్ల కొలతలు అందుకే దాని చుట్టూనే తిరుగుతాయి. లోపల పరుపు తప్ప ఇంకేం లేదు. నిలబడలేం, కూర్చోగలం. వంటగది బయట, బండి వెనక, డిక్కీలాంటి తలుపు పైకెత్తితే స్టవ్వూ, గిన్నెలూ, ఐసు పెట్టే అన్నీ అక్కడే.

ఆ వెనక వంటగదే మా కొంప ముంచబోయింది. సామాను సర్దింది నేనే, కాబట్టి తప్పు నాదే. నీళ్ల డబ్బాలు, బియ్యం, పప్పు, కుక్కరు, ఆవకాయ జాడీ, బరువైనవన్నీ వంటగదిలోనే ఉండాలిగా అని వెనకే పేర్చాను. హైవే మీద గంటకి 90 కిలోమీటర్ల దగ్గరికి వచ్చామో లేదో, వెనక బండి కుక్క తోకలా అటూ ఇటూ ఊగడం మొదలైంది, దాంతోపాటు కారు కూడా ఊగుతోంది, అమ్మమ్మ ఆంజనేయ దండకం ఎత్తుకుంది. మామయ్య బ్రేకు గట్టిగా తొక్కలేదు, స్టీరింగ్ కూడా తిప్పలేదు, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీశాడంతే. బండి దానంతటదే సర్దుకుంది. ట్రైలర్ లాగే వాళ్లకి కాలిఫోర్నియాలో గంటకి 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు దాటకూడదని రూలుంది, ఎందుకో ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది.

నాకు సిగ్గేసిన సంగతి ఇంకోటి. చిన్నప్పుడు మా నాన్న ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తిస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి నేను. బరువు ఇరుసుకి వెనక్కి పోతే నొగ, అంటే బండి ముందుండే పొడుగు కర్ర, పైకి లేచి కాడి ఎద్దుల మెడ మీద నిలవదు, మరీ ముందుకి వస్తే పాపం వాటి మెడ వంగిపోతుంది. ఆయన నొగ పట్టుకుని ఒకసారి పైకీ కిందకీ ఆడించి చూసి "ఇంకో బస్తా ముందుకి జరపండిరా" అనేవాడు. ట్రైలర్‌కీ అచ్చం అంతే! మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారుకి తగిలించే కొక్కెం మీద పడాలి. మా బండి సామానుతో కలిపి 600 కిలోలు అనుకోండి, కొక్కెం మీద 60 నుంచి 90 కిలోలు. అంతకంటే తగ్గితే తోక ఊపుతుంది. ఇంటికొచ్చాక అత్తయ్య బరువు చూసుకునే మెషీన్ మామయ్య తెచ్చి కొక్కెం కింద పెట్టి చూశాడు, 31 కిలోలే చూపించింది! ఇప్పుడు నీళ్లూ బియ్యం కారులోకి మారిపోయాయి, వెనక గిన్నెలూ గరిటెలూ మాత్రమే ఉంటాయి.

రాత్రి సంగతి అడిగారు కదా. వెచ్చగా, హాయిగా ఉంటుంది, కాకపోతే మొదటిరోజు పొద్దున్నే ముక్కు మీద నీటి బొట్టు పడింది. వాన అనుకుంది అమ్మమ్మ. కాదు, అంత చిన్న గదిలో ఇద్దరం రాత్రంతా వదిలిన ఊపిరే చల్లటి గోడలకి నీరై పట్టింది. ఆ తర్వాత ఎంత చలైనా కిటికీ వేలెడంత తెరిచే పడుకున్నాం. లోపల స్టవ్వు వెలిగించడం మాత్రం ఎప్పుడూ కూడదు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మేం వెళ్లిన యోసెమిటీ, కాలిఫోర్నియాలోని నేషనల్ పార్కు, అక్కడ ఎలుగుబంట్లున్నాయి. క్యాంపులో ప్రతి చోటుకీ ఒక ఇనప పెట్టె ఇస్తారు, తిండి వాసన ఉన్నదేదైనా అందులో పెట్టి గడియ వెయ్యాల్సిందే, టూత్‌పేస్ట్, సబ్బు కూడా. ఆవకాయ జాడీకి అమ్మమ్మ నాలుగు కవర్లు చుట్టింది, ఎలుగుబంటి కోసమో, అత్తయ్య తినేస్తుందనో నాకు తెలీదు. మర్నాడు టయోగా రోడ్డెక్కి టెనాయా సరస్సు పక్కన అన్నం వండితే ఎంతకీ ఉడకదు. దాదాపు 2,500 మీటర్ల ఎత్తు కదా, నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆ పూట కుక్కరు తేలేదు, పలుకు పలుకుగానే తిన్నాం.

బుజ్జీ, నువ్వు మొహమాటపడుతూ అడిగిన బాత్‌రూమ్ బండిలో లేదు. క్యాంపులో అందరికీ కలిపి ఉంటుంది, టార్చి పట్టుకుని నడవాలి. లోన్ పైన్ ఊరి దగ్గర దిగిన చోట ఫ్లష్ కూడా లేదు, గుంత దొడ్డి. అమ్మమ్మ మొహం చూడాలి! కానీ అక్కణ్ణుంచే 4,421 మీటర్ల విట్నీ శిఖరం పొద్దుటెండకి ఎర్రబడుతుంటే అరగంట కదలకుండా నిలబడింది కూడా ఆవిడే.

అన్నిటికంటే కష్టం రివర్స్. కారు స్టీరింగ్ కుడికి తిప్పితే బండి తోక ఎడమకి పోతుంది. స్టీరింగ్‌ని అడుగున పట్టుకుని, బండి ఎటు పోవాలో చెయ్యి అటే జరపాలట. పొట్టి బండి కదా, పొడుగు లారీ కంటే తొందరగా మడతపడుతుంది. మామయ్య పావుగంట కుస్తీ పట్టాడు, చుట్టుపక్కల క్యాంపుల వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకుని మరీ చూశారు. నేల చదునుగానే ఉంది కదా అని చివరికి ఊడదీసి అందరం కలిసి చేత్తో నెట్టేశాం. ఊడదీసే ముందు చక్రాల కింద అడ్డం పెట్టమని చెప్పింది నేనే. మా నాన్న అందుకు రెండు రాళ్లు బండిలోనే ఉంచుకునేవాడు, వీళ్లు పసుపురంగు ప్లాస్టిక్ ముక్కలు కొనుక్కున్నారు.

మీ తాతయ్య