బీచ్ ఇసుక సముద్రంలో పుట్టదు

వైజాగ్ వెళ్లొచ్చిన మా పక్కింటి పాప చిన్న సీసాలో ఇసుక తెచ్చి, "అంకుల్, సముద్రం దీన్ని ఎలా తయారుచేస్తుంది?" అని అడిగింది. భూగర్భ శాస్త్రం నా వృత్తి. చాలామంది పెద్దవాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతారు.

అపోహ: బీచ్ ఇసుకను సముద్రమే తయారుచేస్తుంది.

చిటికెడు ఇసుక అరచేతిలో పోసి లెన్స్ పెట్టి చూపించాను. గాజు పెంకుల్లా మెరిసేవి క్వార్ట్జ్ అనే ఖనిజం గింజలు. దానిమ్మ గింజ రంగులో ఉన్నవి గార్నెట్ అనే ఇంకో ఖనిజం. ఆ గార్నెట్ వైజాగ్ చుట్టూ కొండల్లో ఉండే ఖోండలైట్ రాయిది. రాయి చివికి, వానకు గెడ్డల్లో, అంటే వాగుల్లో, కొట్టుకొచ్చి తీరం చేరింది.

మన హైదరాబాద్ గుట్టల సంగతీ అంతే. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఇందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం చివికి బంకమట్టి అవుతుంది, క్వార్ట్జ్ మాత్రం మొండిగా మిగులుతుంది. ఆ గింజ మూసీలో పడి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా పోవాలి. కానీ దారిలో సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు, తర్వాత పులిచింతల, ఆపైన ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి. నీళ్లు గేట్లు దాటి పోతాయి, ఇసుక చాలావరకు అడుగునే ఆగిపోతుంది. మిగిలిన దాన్ని మనం లారీలకెత్తుతున్నాం. డెల్టా ఊళ్ల తీరానికి రావాల్సిన ఇసుక అది. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

అపోహ: ఇసుక నల్లగా ఉంటే అది కాలుష్యమే.

చాలాచోట్ల ఆ నల్ల గింజలు ఇల్మెనైట్, మాగ్నెటైట్ లాంటి బరువైన ఖనిజాలు. అల తేలిక గింజల్ని లాక్కుపోతే ఇవి మిగులుతాయి. అయస్కాంతం పెట్టి చూడండి, మాగ్నెటైట్ అతుక్కుంటుంది.

అపోహ: తీరం కోతకు సముద్రమట్టం పెరగడం ఒక్కటే కారణం.

అదీ ఒక కారణమే. అయితే మన తూర్పు తీరంలో అలలు ఇసుకను ఒడ్డు వెంబడే నడిపిస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారికి అడ్డంగా హార్బర్ గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. విశాఖ పోర్టుకు ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌లో జరిగింది ఇదే. అందుకే పోర్టు దగ్గర తవ్వి తీసిన ఇసుకను అటువైపు తీరంలో పోస్తుంటారు.

అపోహ: రాతి గోడ కడితే తీరం నిలుస్తుంది.

గోడ వెనకాల రోడ్డు కొంతకాలం నిలవచ్చు, బీచ్ నిలవదు. గోడకు కొట్టి వెనక్కి మళ్లిన అల, గోడ కాళ్ల దగ్గరి ఇసుకనే తోడేస్తుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో రాళ్లు పోశారు, ఇసుక నింపిన భారీ గుడ్డ గొట్టాలు, అంటే జియోట్యూబులూ వేశారు. తుపాన్ల దెబ్బకు అవీ దెబ్బతిన్నాయి, ఊరు ఇంకా కోతకు గురవుతూనే ఉంది.