టీవీ మార్చే ముందు ఆడియో ట్రాక్ మార్చి చూడండి: వెబ్ సిరీస్‌ల ధ్వని గురించి అపోహలు – వాస్తవాలు

నేను సౌండ్ మిక్సింగ్ చేస్తానని తెలిసిన మరుక్షణం ఎదుటివారు అడిగే ప్రశ్న ఒక్కటే. పెళ్ళి భోజనాల బల్ల దగ్గరైనా, అపార్ట్‌మెంట్ లిఫ్టులోనైనా దాని మాటల్లో కూడా పెద్ద తేడా ఉండదు: "ఈ వెబ్ సిరీస్‌లలో మాటలు ఎందుకండీ వినపడవు? సౌండు పెంచితే ఇల్లు అదిరిపోతుంది, తగ్గిస్తే అన్నీ గుసగుసలే." నేను జవాబు చెప్పేలోగా తీర్పు కూడా వాళ్ళే చెప్పేస్తారు. టీవీ పాడైందని కొందరు, కొత్తది కొనాలని ఇంకొందరు. అరవై దాటినవారు మాత్రం నన్ను కొంచెం పక్కకు తీసుకువెళ్ళి, తమ చెవులే దెబ్బతిన్నాయేమోనని గొంతు తగ్గించి అడుగుతారు. వారి కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

అపోహ: మాటలు తెలియకపోతే టీవీ అయినా చెడి ఉండాలి, చెవులైనా చెడి ఉండాలి.

వాస్తవం: చాలా ఇళ్ళలో ఈ రెండూ బాగానే ఉంటాయి. ఆరు ఛానెళ్ళ కోసం కలిపిన ధ్వనిని రెండు చిన్న స్పీకర్లలోకి కుక్కడం దగ్గర చిక్కు వస్తుంది.

ఓటీటీ కోసం ఫైనల్ మిక్స్ చేసేటప్పుడు మేము ముందుగా సిద్ధం చేసేది సాధారణంగా 5.1 ట్రాక్, అంటే ఆరు ఛానెళ్ళది. అందులో పాత్రల మాటలు దాదాపుగా అన్నీ మధ్య స్పీకరులో కూర్చుంటాయి, ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) ఎడమ కుడి స్పీకర్లలో పరచుకుంటుంది, వాన, బజారు సందడి, దూరపు రైలు కూత వంటివి వెనక స్పీకర్లకు పోతాయి. మాట ఒక దిక్కునుంచి, తక్కినవి వేరే దిక్కులనుంచి వస్తాయి కనుక స్టూడియోలో కూర్చున్నవాడి చెవి వాటిని తేలికగా విడదీసుకుంటుంది. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు కాబట్టి, మధ్య ఛానెల్‌ను 3 డెసిబెల్స్ తగ్గించి రెండు పక్కలకూ పంచి, వాటిలోనే సంగీతాన్నీ వెనక స్పీకర్ల సందడినీ కలిపేయడం తప్ప దానికి వేరే దారి లేదు. మాట అక్కడే ఉంటుంది, కాని దాని చోటును ఇంకో పది చప్పుళ్ళతో పంచుకుంటుంది.

దీనికి తోడు పాత పెట్టె టీవీలకు స్పీకర్లు తెర పక్కన, మన ముఖం వైపు ఉండేవి. ఇప్పటి పలచని టీవీల్లో చాలావాటికి అవి నేలవైపో గోడవైపో తిరిగి ఉంటాయి. మాటలో అచ్చులకు బలం ఎక్కువ. అర్థాన్ని తేల్చే స, శ, త, ప, క వంటి హల్లులకు బలం తక్కువ, పైగా వాటి స్పష్టత ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కు పైన, సన్నని శబ్దాల స్థాయిలో ఉంటుంది. ధ్వని నేరుగా చెవికి చేరకుండా గోడకూ నున్నటి టైల్స్‌కూ తగిలి, నెత్తిమీద తిరిగే ఫ్యాను హోరును దాటి రావలసి వస్తే ముందుగా మసకబారేవి ఆ హల్లులే. "గొంతు వినిపిస్తోంది కాని ఏమన్నాడో తెలియడం లేదు" అని జనం చెప్పేది అక్షరాలా నిజం.

"యూట్యూబ్ వార్తలు బాగానే వినిపిస్తాయి కదా, అప్పుడు టీవీ మంచిదేనా?" అని నిలదీసేవారికి ఒక లెక్క చెబుతాను. నెట్‌ఫ్లిక్స్ మాకిచ్చే నియమం ప్రకారం మాటల సగటు స్థాయి −27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (ధ్వని ఎంత పెద్దదో కొలిచే యూనిట్) దగ్గర, రెండు యూనిట్లు అటూ ఇటూగా ఉండాలి. అత్యంత పెద్ద చప్పుడు −2 డెసిబెల్స్ దాటకూడదు. అంటే మామూలు మాటకూ తుపాకీ దెబ్బకూ మధ్య దాదాపు 25 డెసిబెల్స్ ఎడం మాకు దొరుకుతుంది. యూట్యూబ్‌లో ఎక్కువ వీడియోలు −14 దరిదాపుల్లో, ఆ తేడా అంతా నొక్కేసి, మొదటి క్షణంనుంచి చివరిదాకా ఒకే ఎత్తున మోగుతుంటాయి. వార్తలకు 20 దగ్గర ఉంచిన వాల్యూమ్‌ను సిరీస్‌కు 40 దాకా తీసుకువెళ్ళడంలో వింత లేదు, మీ టీవీలో జబ్బూ లేదు. ఆ పెంచిన స్థాయిలోనే తుపాకీ పేలినప్పుడు పక్కింటివారు తలుపు కొడతారు, అంతే.

ఈ సంగతులన్నీ తెలిసిన నేను మా ఇంట్లో జరిగిన దానిని మాత్రం చాలా ఆలస్యంగా గమనించాను. మా పెదనాన్న తెనాలిలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. రాత్రి భోజనమయ్యాక మనవలతో కలిసి సిరీస్ చూడడం ఆయనకున్న ఒకే ఒక సరదా. కొన్నాళ్ళకు "ఏమన్నాడ్రా?" అని అడగడం మొదలుపెట్టారు. పిల్లలు విసుక్కోవడంతో అడగడం మానేశారు, తరువాత మెల్లగా ఆ గదిలో కూర్చోవడమే మానేశారు. ఇంట్లోవారు ఆయనను షాపుకు తీసుకువెళితే, అక్కడి కుర్రవాడు టీవీ చిన్నదవడం వల్లనే మాట వినపడడం లేదని నమ్మబలికి 55 అంగుళాల టీవీ అంటగట్టాడు. తెర పెద్దదైతే మాట స్పష్టమవుతుందన్నది నేను ఇంతవరకు విన్న వదంతులన్నింటిలోకీ ఖరీదైనది. కొత్త టీవీ ఇంకా పలచన, దాని స్పీకర్లు ఇంకా చిన్నవి. దానితో ఆయన అనుమానం పూర్తిగా చెవుల మీదికి మళ్ళింది. పరీక్ష చేయించుకుంటే వయసుకు తగినంత తగ్గుదలే ఉందనీ, వినికిడి మిషను అవసరం లేదనీ డాక్టరు చెప్పారు. ఆయన నమ్మలేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు రిమోటు తీసుకుని చూస్తే యాప్‌లో 5.1 ట్రాక్ ఎంపికై ఉంది, టీవీలో సరౌండ్ ఎఫెక్ట్ పని చేస్తోంది. ఒకదానిని స్టీరియోకు మార్చి రెండోదానిని ఆపేశాను, స్పష్టమైన మాట కోసం ఉండే మోడ్ పెట్టాను. రెండు నిమిషాల పని. పెదనాన్న పది నిమిషాలు కదలకుండా చూసి, "ఒరేయ్ అబ్బాయ్, చెవులు పోయాయి కదా అని మీ పెద్దమ్మ పిలిచినా పలకడం మానేశాను రా, ఇప్పుడు ఆవిడకు ఏం చెప్పమంటావు?" అన్నారు.

కాబట్టి డబ్బు తీసే ముందు వరుసగా ఇవి చేసి చూడండి. సిరీస్ నడుస్తుండగా ఆడియో మెనూ తెరిచి, అదే భాషలో 5.1 అని లేని ట్రాక్ ఉంటే దానిని ఎంచుకోండి. అటువంటి ఎంపిక లేకపోతే, టీవీకి స్ట్రీమింగ్ పెట్టె తగిలించి ఉంటే దాని సౌండ్ సెట్టింగులలో డిజిటల్ ఔట్‌పుట్‌ను పీసీఎంకు, అంటే మామూలు స్టీరియోకు మార్చండి. వర్చువల్ సరౌండ్ వంటివి ఆపేయండి, ఎందుకంటే రెండు స్పీకర్లతో నాలుగు గోడలనుంచి ధ్వని వస్తున్నట్టు నమ్మించే ప్రయత్నంలో అవి మాటను పలచబరుస్తాయి. నైట్ మోడ్ లేదా ఆటో వాల్యూమ్ అని ఉంటే పెట్టుకోండి, అది నేను పైన చెప్పిన 25 డెసిబెల్స్ ఎడాన్ని కుదిస్తుంది. అమెజాన్ ప్రైమ్ వీడియో 2023లో తన సొంత సిరీస్‌లు కొన్నింటికి మాటలను పెంచి వినిపించే డైలాగ్ బూస్ట్ అనే ట్రాక్ తెచ్చింది, అది కనబడితే మొహమాటపడకండి. ఎదురుగా ఉన్న గోడకు మందపాటి కర్టెనో, నేలమీద ఒక తివాచీయో చేసే మేలు కూడా తక్కువది కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా కొనాలనే ఉంటే మధ్యలో విడిగా మాటల స్పీకరు ఉన్న సౌండ్‌బార్ కొనండి. పెద్ద సబ్‌వూఫర్ చూసి మోజుపడితే ఉన్న జబ్బు ముదురుతుంది, ఎందుకంటే అందులోనుంచి వచ్చేది దడదడే తప్ప మాట కాదు. మా వీధిలో ఒకాయన ఇంట్లో ఖరీదైన హోమ్ థియేటర్ ఉంది. సంగీతం అద్భుతంగా వినిపించి మాటలు మాత్రం బావిలోనుంచి వచ్చినట్టున్నాయని మూడేళ్ళు సిరీస్‌లు తీసేవాళ్ళను తిట్టుకుంటూ గడిపారు. వెళ్ళి చూస్తే మధ్య స్పీకరు వైరు ఊడి ఉంది. మూడేళ్ళుగా ఆయన వింటున్నది పక్క స్పీకర్లలోకి చిందిన మాటల తుంపరలే.

చెవి సంగతి అసలు పట్టించుకోనక్కర్లేదని నేను అనడం లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడేవారిని కూడా మళ్ళీ చెప్పమని అడుగుతున్నా, ఫోనులో మాట తెలియకపోతున్నా, పక్షుల కూత వంటి సన్నని శబ్దాలు వినిపించడం మానినా తప్పకుండా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. వయసుతో ముందు తగ్గేది ఆ పై స్థాయి వినికిడే. ఇబ్బంది టీవీ ముందు మాత్రమే వస్తుంటే మాత్రం ముందు రిమోటును అనుమానించండి.

అపోహ: మిక్సింగ్ చేసేవాళ్ళే కావాలని సంగీతం పెంచుతారు.

వాస్తవం: ఇందులో పావు వంతు నిజం ఉంది, మా వృత్తివాడినైనా దాచను. ఫైనల్ మిక్స్‌కు వచ్చేసరికి దర్శకుడు ఆ సన్నివేశాన్ని వంద సార్లు చూసి ఉంటాడు. ప్రతి మాటా ఆయనకు కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి, సంగీతం ఎంత పెంచినా మాట ఆయన తలలో వినిపిస్తూనే ఉంటుంది. రెండో వారానికి నా పరిస్థితీ అదే. అందుకే చివరి రోజున కథ తెలియని ఎవరినైనా, చాలాసార్లు మా ఆఫీసు బాయ్‌నే, కూర్చోబెట్టి మామూలు టీవీలో వినిపిస్తాను. అతను ముఖం చిట్లిస్తే ఆర్.ఆర్. తగ్గుతుంది, దర్శకుడు అలిగినా సరే.

అయితే ప్రతి అస్పష్టతకూ మిక్సింగే కారణమనడం తొందరపాటు. మన తెలుగు ప్రేక్షకుల చెవి డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు నిలబడి పలికిన మాటకు తరతరాలుగా అలవాటుపడింది. ఆ మాటకు గది ఉండదు, గాలి ఉండదు, నటుడు పరిగెత్తుతున్నా ఆయాసం వినసొంపుగానే ఉంటుంది. ఇప్పటి సిరీస్‌లలో చాలావాటికి లొకేషన్‌లో సింక్ సౌండ్, అంటే నటించేటప్పుడే పలికిన మాట తీసుకుంటున్నారు కాబట్టి నటులు నిజంగా గొణిగితే అది గొణుగుడుగానే మనకు చేరుతుంది. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బ్రిటిష్ సిరీస్ 'అడాలసెన్స్' చూడండి. నాలుగు ఎపిసోడ్లు, ఒక్కొక్కటీ ఎక్కడా కోత లేని ఒకే షాట్. మూడో ఎపిసోడ్‌లో ఒక గదిలో, హత్యానేరం మోపబడిన కుర్రవాడూ సైకాలజిస్టూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కుర్చీ జరిగిన చప్పుడు కూడా కథ చెబుతుంది, అక్కడ నేను వాల్యూమ్ ముట్టుకోలేదు. బడిలో జరిగే రెండో ఎపిసోడ్ దగ్గర మాత్రం మా ఆవిడ "నాకేమీ తెలియడం లేదు" అని లేచిపోయింది. తప్పు ధ్వనిది కాదు. పిల్లల గోల మధ్య ఉత్తర ఇంగ్లండ్ యాస మన చెవికి కొత్త. అక్కడ సబ్‌టైటిల్స్ పెట్టుకోవడమే మందు.

మన దగ్గర 2023 డిసెంబరులో వచ్చిన తెలుగు సిరీస్ 'దూత' నాకు ఇందుకు విరుద్ధమైన పాఠం. విశాఖ నేపథ్యంలో నడిచే ఆ కథలో వాన దాదాపు ఒక పాత్ర. హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు ఆ వాన నన్ను కథలోకి లాక్కుపోయింది. అదే వాన మా హాల్లోని టీవీ స్పీకర్లలో హల్లులను కడిగేసింది, ఎందుకంటే వాన చప్పుడు అన్ని స్థాయిల్లోనూ పరుచుకునే ధ్వని, దాని కింద స, శలు బతకవు. నేను చేసి ఉంటే స్టీరియో ట్రాక్‌లో వానను ఇంకాస్త తగ్గించేవాడిని. 2024 జనవరిలో వచ్చిన '90'స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'ను మాత్రం వంటింట్లో కూర చేస్తూ విన్నా ఒక్క మాట పోలేదు. ఇంటి మాటల మీద నిలిచిన కథకు ఆ నిరాడంబరమైన ధ్వనే తగింది, గొప్ప మిక్స్ అంటే గొప్ప చప్పుడు కాదని మా కుర్రవాళ్ళకు దాన్నే చూపిస్తుంటాను.

ఇక తక్కినవి త్వరగా. సొంత భాషలో సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నామోషీ అనుకోకండి, 2025లో నెట్‌ఫ్లిక్స్ చప్పుళ్ళ వివరణ లేకుండా మాటలు మాత్రమే కనిపించే సబ్‌టైటిల్స్ తెచ్చింది వినికిడి బాగున్నవాళ్ళు కూడా వాడుతున్నారనే. తెలుగు డబ్బింగ్ ఒకలా, కింది తెలుగు అక్షరాలు ఇంకోలా ఉంటే అది నిర్లక్ష్యమని తిట్టకండి: ఒకటి పెదవుల కదలికను బట్టి, రెండోది చదివే వేగాన్ని బట్టి, తరచుగా వేర్వేరు మనుషులు రాసేవి. మంచి సిరీస్ కూడా డైలీ సీరియల్‌లా నున్నగా కనబడితే కెమెరాను కాదు, టీవీలో కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ అనే సెట్టింగును అనుమానించి ఆపేయండి. చీకటి సన్నివేశాలు కనబడకపోతే ప్యానెల్ పోయిందని కంగారుపడకండి, 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి సీజన్ మూడో ఎపిసోడ్‌కు ప్రపంచమంతా అదే గగ్గోలు పెట్టింది. లైట్లు ఆపి చూడండి. బ్లూటూత్ స్పీకరులో మాట పెదవుల కంటే వెనకబడితే వైరు పెట్టండి.

పెదనాన్న ఇప్పుడు మళ్ళీ రాత్రి భోజనమయ్యాక సిరీస్ చూస్తున్నారు. ప్రతి మాటా స్పష్టంగా తెలుస్తుండడంతో ఆయనకు కొత్త బాధ మొదలైంది: నటులు ళకారాన్ని లకారంగా పలుకుతున్నారట. కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టి, ఒక్క ఎపిసోడ్‌లో ముప్ఫై ఒకటని మొన్న ఫోను చేసి చెప్పారు. దీనికి కూడా టీవీలో ఏదైనా సెట్టింగు ఉందేమో చూడమన్నారు.