క్రౌన్ పళ్లు లెక్కపెడదాం రండి

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాలికి తాత ఆశీస్సులు.

మీరు సెకండ్ హ్యాండులో పికప్ బండి కొన్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమయింది. మైలేజీ సరిగా రావడం లేదని, క్రౌన్ మారిస్తే డీజిల్ మిగులుతుందని మెకానిక్ చెప్పిన మాట విని దాన్ని మార్పించే ఆలోచనలో ఉన్నారని కూడా చెప్పాడు. అది విన్నప్పటి నుంచి మనసు నిలవక ఈ ఉత్తరం రాస్తున్నా.

నేను మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్‌కు టమోటాలు తోలిన సంగతి మీకు తెలుసు. పోను సుమారు 250 కిలోమీటర్లు. మదనపల్లె ఎత్తు మీద ఉంది కాబట్టి లోడుతో పోయేటప్పుడు భాకరాపేట కనుమ దిగడమే, ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడు ఎక్కడం. ఆ ధైర్యంతోనే నేనూ ఒకప్పుడు క్రౌన్ మార్పించాను.

క్రౌన్ అంటే ఏమిటో ముందు చెప్తాను. వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత హౌసింగ్ ఉంటుంది కదా, దాని లోపల పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. నా బండి పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 41. అంటే గేరు బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితేనే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. అలాంటి బండి టైరు కిలోమీటరుకు సుమారు 450 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 వేగమంటే నిమిషానికి కిలోమీటరు. 450ని 4.1తో గుణిస్తే 1845. నాలుగో గేరులో ఇంజను, షాఫ్టు సమానంగా తిరుగుతాయి కాబట్టి ఇంజను కూడా నిమిషానికి 1845 చుట్లు తిరుగుతుంది. ఐదో గేరు నిష్పత్తి 0.8 అనుకుంటే, అంటే షాఫ్టు ఒక చుట్టుకు ఇంజను 0.8 చుట్టే తిరిగితే, అది 1476కు దిగుతుంది. అదే 37 పళ్ల క్రౌన్ వేస్తే నాలుగో గేరులోనే 1665.

చుట్లు తగ్గితే డీజిల్ ఎందుకు మిగులుతుంది? ఇంజను తిరిగే ప్రతి చుట్టుకూ పిస్టన్ల రాపిడి, బేరింగుల రాపిడి, ఆయిల్ పంపు, నీళ్ల పంపు తమ వాటా తీసుకుంటాయి. అదే పని తక్కువ చుట్లలో జరిగితే ఆ వాటా తగ్గుతుంది. ఇంతవరకూ మెకానిక్ మీకు చెప్పినది నిజమే.

నేను 37 పళ్లది వేయించాను. పది రోజులు తిరిగి లెక్క చూస్తే మైలేజీ పెరగకపోగా తగ్గింది! రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, ఖర్చు పెట్టింది అప్పు డబ్బు. మూడో ట్రిప్పులో మీ నాయనమ్మ పక్కన కూర్చుని రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టింది. రాళ్ల ప్రకారం 100 కిలోమీటర్లు పోతే మీటరు 90 చూపించింది. ఆ బండిలో మీటరు కేబులు గేరు బాక్సు వెనక నుంచి వస్తుంది. షాఫ్టు తక్కువ చుట్లు తిరుగుతోంది కాబట్టి మీటరు తక్కువ దూరం చెప్తోంది. ట్యాంకు నింపి, రాళ్లు లెక్కపెట్టి, మళ్లీ ట్యాంకు నింపి చూస్తే ఖాళీ బండికి లీటరుకు దాదాపు కిలోమీటరు పెరిగింది. టైర్లు పెద్దవి వేసినా ఇదే తకరారు. అప్పుడు స్పీడోమీటరు 60 చూపిస్తుంటే మీరు 65లో పోతూ ఉండొచ్చు. అందుకే, బండికి ఏం చేసినా సరే, ముందు మీటరు నమ్మదగినదో కాదో రాళ్లతో సరిచూడండి.

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఒకసారి చెన్నై నుంచి తిరుగు లోడు ఇనుప సామాను దొరికింది. అదే కనుమలో, మామూలుగా మూడో గేరులో ఎక్కే మలుపు దగ్గర బండి ముక్కింది. రెండో గేరు వేయాల్సొచ్చింది. ఎదురుగా బస్సొస్తే ఆపి, ఎత్తులో మళ్లీ లాగేసరికి క్లచ్ ప్లేటు కాలిన వాసన క్యాబిన్ నిండింది. 41కి బదులు 37 పళ్లంటే చక్రానికి వచ్చే బలం పదో వంతు తగ్గుతుంది, ఆ లోటంతా క్లచ్ మీద పడుతుంది. ఏడాది తిరక్కుండానే క్లచ్ ప్లేటు మార్చాను, మిగిలిన డీజిల్ డబ్బు అందులోనే పోయింది. పాత క్రౌనే మళ్లీ వేయించుకున్నాను.

మీరు మన కొండదారుల్లో లోడు తోలాలి. కాబట్టి క్రౌన్ జోలికి పోవద్దు, కంపెనీ ఇచ్చిన ఐదో గేరును బాగా వాడుకోండి. చదును రోడ్డులో ఇంజను ముక్కకుండా లాగుతున్నంతసేపూ పై గేరులో ఉంచండి. ముక్కితే వెంటనే గేరు దించండి, మొహమాటపడొద్దు. ముక్కే ఇంజనుకు యాక్సిలరేటరు తొక్కితే డీజిల్ సరిగా మండక నల్లపొగగా పోతుంది.

ఇక గాలి. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంలా పెరుగుతుంది. 60 నుంచి 80కి పోతే దాదాపు 1.8 రెట్లు. 1974లో చమురు కరువొచ్చినప్పుడు అమెరికా దేశమంతా గంటకు 55 మైళ్ల వేగపరిమితి పెట్టింది ఇందుకే. ఎత్తయిన లోడు వేసి, టార్పాలిన్ వదులుగా కట్టి, అది టపటపా కొట్టుకుంటుంటే ఆ చప్పుడంతా మీ డీజిలే. తాడు బిగించి కట్టండి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. వేడెక్కాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

కనుమ దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్ వేయొద్దు, నా మీద ఒట్టు. ఈ కాలం ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే పల్లంలో డీజిల్ ఇంజెక్షనే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఐడిల్‌లో తిరగడానికి డీజిల్ తాగుతుంది, పైగా బ్రేకులు వేడెక్కుతాయి.

బాడీ పెంచడం, ఇంజను మార్చడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఇబ్బంది పడేది మీరే.

ఆ 37 పళ్ల క్రౌన్ ఇంకా నా దగ్గరే ఉంది. గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, షెడ్డులో కింది అరలో పెట్టాను. ఆదివారం బండేసుకుని రండి. ముగ్గురూ కూర్చుని పళ్లు లెక్కపెట్టండి, తర్వాత మీ బండిది ఎంతో కనుక్కుందాం. చక్రం జాకీ మీద లేపడానికి చెక్కముక్కలు తెచ్చుకోవడం మరిచిపోవద్దు.

ఇట్లు,
మీ తాత