యాక్సొలాటల్ బతకాలంటే సోచిమిల్కో రైతు నిలవాలి

మెక్సికో సిటీ దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాలువల్లో 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 యాక్సొలాటళ్లు ఉన్నాయని అంచనా వేశారు. 2014 సర్వేలో ఆ సంఖ్య 36కు పడిపోయింది. సహజంగా ఈ జీవి బతికే చోటు లోకంలో ఇదొక్కటే మిగిలింది.

యాక్సొలాటల్ ఒక రకం సాలమాండర్, అంటే బల్లిలా కనిపించే ఉభయచరం. పెద్దయ్యాక కూడా మొప్పలు రాలిపోవు, జీవితమంతా నీళ్లలోనే గడుపుతుంది. తెగిన కాలు మళ్లీ మొలుస్తుంది కాబట్టి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దీన్ని పెంచుతున్నారు. 1864లో పారిస్‌కు పంపిన 34 జీవుల సంతతే వాటిలో చాలా భాగం. మరి వాటినే తెచ్చి వదిలితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ల్యాబుల్లో పెరిగిన వాటిలో వేరే జాతి సాలమాండర్ రక్తం కూడా కలిసింది. అంతకంటే పెద్ద చిక్కు, వదలడానికి తగిన నీళ్లే లేవు.

ఒకప్పుడు మెక్సికో సిటీ ఉన్న ఈ లోయలో అయిదు సరస్సులు ఉండేవి. టెస్కోకో ఉప్పునీళ్లది. సోచిమిల్కోకు మాత్రం ఊటల నుంచి మంచినీళ్లు వచ్చేవి. రైతులు సరస్సు అడుగు బురదను, నాచును పొరలు పొరలుగా పేర్చి, గట్లు జారకుండా అంచుల వెంట చెట్లు నాటి నీళ్ల మధ్య మడులు కట్టారు. వాటిని చినాంపాలంటారు. ఇప్పటి మెక్సికో సిటీ ఉన్నచోటే ఉండిన అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌కు తిండి పెట్టిన పొలాలివి. మడుల మధ్య సన్నటి కాలువల్లోనే యాక్సొలాటల్ గుడ్లు పెట్టుకుని పెరిగింది. మనిషి చెయ్యి పడితే ప్రకృతి పాడవుతుందని మనం అనుకుంటాం కానీ, ఇక్కడ రైతు ఏటా పూడిక తీసి మడికి ఎరువుగా వేసుకోవడమే కాలువను కాపాడింది.

1521లో స్పెయిన్ ఈ నగరాన్ని గెలుచుకుంది. వరదల భయంతో 1607లో మొదలైన, సరస్సుల నీళ్లను లోయ బయటికి పంపే పనులు 1900లో ప్రారంభమైన పెద్ద కాలువ దాకా సాగాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో సోచిమిల్కో ఊటలను పైపులతో నగరానికి మళ్లించారు. ఊటలు ఎండిపోయాక బదులుగా శుద్ధి చేసిన మురుగునీళ్లు పంపారు. నా దృష్టిలో అసలు అన్యాయం ఇక్కడే జరిగింది. మంచినీళ్లు తీసుకున్న నగరం తను వాడి వదిలిన నీళ్లు తిరిగిచ్చింది. ఆ తర్వాత 1970, 80 దశకాల్లో జనానికి ఆహారంగా కార్ప్, తిలాపియా చేపలను పెంచారు. అవి యాక్సొలాటల్ గుడ్లను, పిల్లలను తినేశాయి.

1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు, 2004లో చిత్తడి నేలల రక్షణకు ఉన్న అంతర్జాతీయ ఒప్పందం రామ్‌సార్ గుర్తింపు వచ్చాయి. టూరిస్టులూ పెరిగారు. సేద్యం గిట్టుబాటు కాక కొన్ని చినాంపాలు ఫుట్‌బాల్ మైదానాలయ్యాయి, కొన్ని పార్టీలకు అద్దెకిచ్చే స్థలాలయ్యాయి.

మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలో లూయీస్ సాంబ్రానో బృందం రైతులతో కలిసి మొదలుపెట్టిన పని అందుకే నాకు సరైన దారి అనిపిస్తుంది. చినాంపా పక్క కాలువ రెండు చివర్లా రాళ్లు, మొక్కలతో వడపోత అడ్డుకట్టలు కడతారు. నీళ్లు తేటపడి లోపలికొస్తాయి, చేపలు రాలేవు. రైతు పురుగుమందులు మానేసి పాత పద్ధతిలో పండిస్తాడు. అలా పండించిన కూరగాయలకు ప్రత్యేక లేబుల్ ఇస్తారు, మంచి ధర రావాలని. ఈ పనికి డబ్బు కోసం యాక్సొలాటల్‌ను 'దత్తత' తీసుకోమంటూ విరాళాలూ అడుగుతున్నారు.

2025లో వెలువడిన ఒక అధ్యయనం కోసం, పెంపకంలో పుట్టిన 18 యాక్సొలాటళ్లకు రేడియో పరికరాలు అమర్చి వదిలారు. కొన్నిటిని ఇలా బాగుచేసిన చినాంపా కాలువలో, మిగతావాటిని నగరంలోనే మరో కృత్రిమ చిత్తడి నేలలో వదిలారు. అవి వేటాడి తిన్నాయి. తిరిగి పట్టి తూచిన వాటి బరువు పెరిగింది. అయితే ఇలాంటి ఆశ్రయాలు మొత్తం కాలువల్లో ఇంకా చిన్న భాగమే. మిగతా చోట్ల కార్ప్, తిలాపియాలదే రాజ్యం.